చిత్తంగారి మెడ

"మెడ నిలబడిన జాతే తలెత్తుకు తిరుగుతుంది!"

ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించింది రహదారి భద్రతా మండలి. మండలి భవనం ముందు గోడ మీద మనిషెత్తు అక్షరాలతో రాయించారు. గోడ చాలక చివరి రెండు అక్షరాలూ పక్కగోడ మీదికి వెళ్ళాయి గానీ భావానికి లోటేమీ రాలేదు. ఆ వారమంతా మెడ భద్రతా వారోత్సవాలు. కారును వెనకనుంచి ఇంకో బండి గుద్దితే లోపలివాళ్ళ మెడలకు ఏమవుతుందో, కాకుండా ఏం చేయాలో ప్రజలకు బోధించాలని మండలి సంకల్పం. ప్రజలకు మాత్రమే సుమా! మండలి తనకు తాను బోధించుకుంటానని ఎక్కడా మాటివ్వలేదు.

ఆ వాక్యం రాసినవారు మండలి ఉప సంచాలకులు. ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతాల గుమాస్తాకు తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. అందరూ ఆయన్ని చిత్తంగారు అనేవారు. పై అధికారి ఏమన్నా ఆయన నోటినుంచి వచ్చే మొదటి మాట "చిత్తం". చాలాసార్లు చివరి మాట కూడా అదే.

నిజానికి మాటకంటే ముందు మెడ పనిలోకి దిగేది. పై అధికారి గొంతు సవరించుకుంటే ఒక చిన్న ఊపు. మాట మధ్యలో, ఎంత లోతు, ఎంత లోతు అన్నట్టు నెమ్మదిగా రెండు ఊపులు. మాట ముగిసేసరికి గడ్డం గుండెలకు తగిలేలా ఒక పెద్ద ఊపు. పొద్దున ఔనన్న అధికారి సాయంత్రం కాదంటే, ఆ కాదుకు కూడా నిలువు ఊపే. గుమాస్తాగా చేరిన మనిషి ఉప సంచాలకుల గదిదాకా వచ్చారంటే ఎక్కిన మెట్లన్నీ ఆ మెడవే. చదువూ తెలివీ ఉన్నవాళ్ళు మండలిలో లేకపోలేదు. వాళ్ళు కింది అంతస్తులో ఉంటారు.

ఇక ఒక్క మెట్టు మిగిలింది. సంచాలకులు వారోత్సవాల ముగింపు రోజునే పదవీ విరమణ చేస్తారు. ఆ కుర్చీలో కూర్చోబోయేది ఎవరో మండలి అధ్యక్షులు అదే రోజు ప్రకటిస్తారు. చిత్తంగారి భార్యకు మాత్రం ప్రకటనతో నిమిత్తం లేదు. సంచాలకుల బంగళా కిటికీలకు ఎన్ని గజాల పరదా గుడ్డ పడుతుందో ఆవిడ అప్పుడే కొలిపించేసింది, ఆ సంగతి చెల్లెలికి చెప్పేసింది కూడా. చెల్లెలికి చెప్పాక ఇక వెనక్కి తీసుకోవడమనేది ఆ ఇంటా వంటా లేదు.

ఇంతకీ మెడను కాపాడేదేమిటి? కారు సీటు మీద, తలకు వెనకగా ఉండే చిన్న దిండు. జనం హెడ్‌రెస్టు అంటారు, డ్రైవర్లు తలదిండు అంటారు. మండలి గౌరవానికి ఆ పేర్లు ఆనలేదు. ఒక ఉపసంఘాన్ని వేసి, కాఫీలు తాగించి, 'శిరోవలంబం' అని నామకరణం చేయించారు. దాన్ని గురించి చిత్తంగారు 'మీ మెడ మీ చేతుల్లో' అనే పుస్తకం రాశారు. శిరోవలంబం పైఅంచు తల పైభాగానికి సమంగా ఉండాలనీ, తలకు వెనకగా వీలైనంత దగ్గరగా ఉండాలనీ, కిందికి నొక్కేసి వదిలేస్తే లేనట్టేననీ అందులో బొమ్మలతో సహా ఉంది. పుస్తకం నిజంగా మంచిదే. అబద్ధమాడితే అన్నం పుట్టదు.

అయితే మండలివారి కార్లలో ఒక్కదానికీ శిరోవలంబం లేదు!

కొనక కాదు. కార్లతో పాటే వచ్చాయి. ఒకసారి ఒక జీపులోది మాయమైంది. తనిఖీకి వచ్చినవాళ్ళు అది ఏదీ అన్నారు. ఆ ఒక్క ప్రశ్నకు మండలి అంతా నెలల తరబడి నిద్రమాని జవాబులు రాసింది. చివరకు స్టోరు కీపరు తరుణోపాయం చెప్పాడు. భద్రతా పరికరాలు భద్రంగా ఉండాలి, బయట తిరిగే కార్లలో ఉంటే భద్రత ఎక్కడిది అన్నాడు. అన్నిటినీ పీకించి, ప్లాస్టిక్ సంచుల్లో చుట్టబెట్టి, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. కావలసినవారు అర్జీ పెట్టుకుని తీసుకెళ్ళవచ్చు, తలనూనె మరక అంటకుండా సాయంత్రానికి తిరిగి అప్పగించాలి. అర్జీ మీద ఉప సంచాలకుల సంతకం ఉండాలి. ఈ ఏర్పాటు ఎలా ఉందని సంచాలకులు అడిగినప్పుడు అందరికంటే ముందు, అందరికంటే లోతుగా ఊగిన మెడ ఎవరిదో వేరే చెప్పాలా?

చిత్తంగారి కారు డ్రైవరు ఒకసారి అడిగాడు పాపం. "సార్, పొద్దస్తమానం బండిలోనే ఉంటాం కదా, ఒక్క తలదిండు ఇప్పించండి" అన్నాడు. చిత్తంగారు తలూపారు. ఆయన పైవాళ్ళకు ఊపితే పని జరుగుతుంది, కిందివాళ్ళకు ఊపితే జరగదు. ఆ తేడా ఆయనకూ తెలుసు, డ్రైవరుకూ తెలుసు. అందుకని మళ్ళీ ఆ ప్రసక్తి రాలేదు.

వారోత్సవాల మొదటి రోజు పొద్దున ఆ ఇద్దరూ కారులో ప్రారంభ సభకు బయల్దేరారు. వెనకే మండలి ప్రచార వ్యాను. అధికారి కారుకు, ప్రచార వ్యానుకు మధ్య ఇంకో బండి దూరితే అధికారికి మర్యాద తక్కువ. అందుచేత వ్యాను కారు తోక పట్టుకునే రావాలని నియమం. పైగా మైకులో మాట్లాడే ఉద్యోగి పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. ఆ పని కూడా వ్యాను డ్రైవరే చేస్తున్నాడు. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో మైకు, ఒడిలో కాగితం.

కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. కారు ఆగింది. వెనకనుంచి మైకు గంభీరంగా పలుకుతోంది. "ముందు బండికీ మీ బండికీ మధ్య తగినంత దూరం..."

దూరం అనే మాట పూర్తయ్యేసరికి దూరం పూర్తయింది.

దెబ్బ పెద్దదేమీ కాదు. బంపరు కాస్త సొట్టపోయింది, అంతే. సీటుతో పాటు చిత్తంగారి ఒళ్ళు ముందుకు పోయింది. తల మాత్రం నేను రానని ఉన్నచోటే ఉండబోయింది. దాన్ని పట్టి ఆపడానికి వెనక ఏమీ లేదు కనుక మొదట కారు కప్పును చూసి, ఆ వెంటనే మోకాళ్ళను చూసి, మళ్ళీ యథాస్థానానికి వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఏ అధికారికీ అంత వేగంగా తలూపలేదు!

దిగి చూసుకున్నారు. ఎవరికీ ఏమీ కాలేదనుకున్నారు. మెడ దెబ్బ పరువుగల అతిథి లాంటిది, పిలవగానే రాదు. సభాభవనం చేరేసరికి వచ్చింది. చిత్తంగారు ఎడమకు చూద్దామనుకుంటే భుజాలతో సహా తిరగవలసి వచ్చింది. డ్రైవరు కారు వెనక్కి తీయబోయి, మెడ తిప్పలేక, నడుము దగ్గరనుంచి మనిషంతా తిరిగి చూసుకున్నాడు.

గుమ్మంలోనే సంచాలకులు ఎదురయ్యారు. సంగతి విని కంగారుపడ్డారు, అయితే మెడల గురించి కాదు. ఈ వారంలో మండలి వాహనాలకు ప్రమాదాలేవీ జరగలేదని నివేదిక నిన్ననే సంతకమై పైకి వెళ్ళిపోయిందట. కాబట్టి జరగలేదు. అందులోనూ శిరోవలంబాల వారోత్సవంలో, శిరోవలంబం లేని కారులో, శిరోవలంబం మీద పుస్తకం రాసినాయన మెడ విరిగిందంటే జనం నవ్విపోరూ? మెడలో నొప్పి గిప్పి ఉంటే వారం తర్వాత పెట్టుకోమన్నారు. చిత్తంగారు అలవాటుగా తలూపబోయి, పళ్ళు బిగబట్టి, నోటితోనే చిత్తమన్నారు. డ్రైవరు మెడ వెనక చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"సరే సార్. జరగలేదు" అన్నాడు.

సభ మొదలైంది. మండలి అధ్యక్షులు భారీ మనిషి, భారీ ఆలోచనల మనిషి. విగ్రహాలంటే చెవి కోసుకుంటారు. ఆయన మైకు అందుకుని, పెద్ద కూడలి మధ్యలో రెండంతస్తుల ఎత్తున ఒక రాతి శిరోవలంబాన్ని ప్రతిష్ఠించబోతున్నామని ప్రకటించారు. దాన్ని చూడగానే ప్రజల్లో మెడ చైతన్యం పొంగిపొర్లుతుందట. ఏమంటారని వేదిక మీదివాళ్ళను అడిగారు. గాలికి చేను వంగినట్టు తలలన్నీ వరసగా వంగాయి. ఒక్కటి వంగలేదు.

అధ్యక్షులు ఆ తలవైపు చూశారు. చిత్తంగారు మనస్ఫూర్తిగా ప్రయత్నించారు. మెడలో మేకు దిగగొట్టినట్టయింది. ఊపిరి ఆగి, కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. నోరు తెరిచారు గానీ చిత్తం బయటికి రాలేదు.

"మీకేమైనా అభ్యంతరమా?" అన్నారు అధ్యక్షులు.

చిత్తంగారు తల వంచలేరు, పక్కకు తిప్పలేరు. నీళ్ళు నిండిన కళ్ళతో నేరుగా అధ్యక్షుల కళ్ళలోకి చూస్తూ ఉండిపోయారు. అధ్యక్షులకు ఇది కొత్త. ఆయన కింద పనిచేసేవాళ్ళంతా ఎప్పుడూ ఆయన బూట్లవైపే చూస్తారు. బూట్లకు అలవాటైన చూపు మొహం మీద పడేసరికి ఆయనకు చెమటపట్టింది. రాతికి పెట్టే ఖర్చు ప్రజల మెడలకు పెడితే మంచిదని మన ఉప సంచాలకుల అభిప్రాయం కాబోలు, ఆలోచించవలసిన విషయమే అని తనంతట తానే అనేసి, విగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు, ఆపైన అందరూ కొట్టారు. చిత్తంగారికి ఊపిరి తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు పత్రికలో ఆయన ఫొటో వచ్చింది. కింద 'వంగని మెడ' అని పెద్దక్షరాలు. ప్రజల మెడల కోసం వేదిక మీద కన్నీరు పెట్టిన అధికారి అని రాశారు.

భార్య ఆ పేజీ పట్టుకుని వచ్చి, మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "ఇన్నేళ్ళ కాపురంలో మీరు ఒకరి మాట కాదనగా చూడలేదండీ. ఇంత ధైర్యం ఎక్కడ దాచారు?" అంది.

"కాదనలేదే, మెడ పట్టేసింది" అన్నారాయన దీనంగా.

జరిగింది విని ఆవిడ కాసేపు ఆలోచించింది. పరదా గుడ్డ తెప్పించడం రేపటికి వాయిదా వేద్దామా అనుకుని, పత్రికలో ఫొటో ఇంకోసారి చూసి, వాయిదా అక్కర్లేదనుకుంది. ఈ మాట మూడోకంటికి తెలియకూడదని మొగుడిచేత ఒట్టు వేయించుకుని, ఆయన్ని తన అన్నగారి దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నగారు ఎముకల డాక్టరు. బావమరిది వరస కనుక వైద్యంతో పాటు వెటకారం ఉచితం.

డాక్టరు మెడ నొక్కి చూసి, కొరడా ఝళిపిస్తే దాని కొస ఎలా విదిలిపోతుందో కారు దెబ్బకు తల అలా విదిలిపోయిందన్నాడు. ఎముకకు భయం లేదు, కండరాలు బెణికాయి, మందు రాసుకుని మెల్లగా కదుపుతూ ఉంటే అదే సర్దుకుంటుంది. ఈ మాటలు చెప్పి, రోగులు కూర్చునే బల్ల మీదినుంచి ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇది చదవండి బావగారూ. ఎవరో చాలా బాగా రాశారు" అన్నాడు.

అది 'మీ మెడ మీ చేతుల్లో'. చిత్తంగారు దాన్ని భక్తిగా జేబులో పెట్టుకున్నారు. తల వంచి చదివే యోగం ఎలాగూ లేదు.

రోజూ స్నానాల గదిలో తలుపు గడియ వేసుకుని వ్యాయామం మొదలైంది. అద్దం ముందు నిలబడి ఔను అన్నట్టు కాసేపు, కాదు అన్నట్టు కాసేపు తల కదపాలని డాక్టరు చెప్పాడు. ఔను రోజుకు కొంచెం చొప్పున దారికి వచ్చింది. కాదు మాత్రం ఎంతకీ రాదు. దెబ్బ వల్ల అనుకోకండి, ఆ దిక్కుకు తిరిగే అలవాటు ఆ మెడకు మొదటినుంచీ లేదు.

డ్రైవరు మెడ సంగతి ఆయనకు గుర్తుకు రాకపోలేదు. కానీ ఇద్దరూ ఒకే డాక్టరు దగ్గరికి, ఒకే రకం మెడలతో వెళితే చూసినవాడు రెండూ రెండూ కలుపుకోడూ? అందుచేత తన మందు గొట్టంలో సగం పిండేసుకుని, మిగతా సగం డ్రైవరుకు ఇచ్చి రాసుకోమన్నారు. డ్రైవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. సాయంత్రాలు రెండో ఉద్యోగంగా ఎవరిదో సామాన్ల బండి తోలే మనిషికి మెల్లగా కదుపుకునే తీరికెక్కడిది? ఆ వారమంతా కారులో ముందొక మనిషి, వెనకొక మనిషి బిగుసుకుని, ఎదురుగా చూస్తూ ప్రయాణం చేశారు. చూసినవాళ్ళు మండలి క్రమశిక్షణ మెచ్చుకున్నారు.

ఆఫీసులో మాత్రం లోకం తలకిందులైంది. ఫైలు తెచ్చిన గుమాస్తా బల్ల మీద పెడితే చిత్తంగారు దాన్ని వంగి చూడరు, గుమాస్తానే చూస్తారు. గుమాస్తా, తప్పుంది సార్ దిద్దుకొస్తానని తనే తీసుకుపోతాడు. ఇంతకుముందు వరండాలో ఎదురైతే పక్కకు కూడా తప్పుకోనివాళ్ళు ఇప్పుడు గోడకు అతుక్కుపోతున్నారు. అధ్యక్షులు ఏ కాగితం మీద సంతకం చేయబోయినా, ఉప సంచాలకులు దీనికి ఒప్పుకుంటారంటారా అని వాకబు చేస్తున్నారు. చిత్తంగారికి ఇది మొదట భయంగా ఉండేది. తర్వాత రుచిగా ఉంది. వారం సగమయ్యేసరికి, తన మెడ నిజంగానే మొదటినుంచీ వంగనిదేమో, ఇన్నాళ్ళూ ఊపింది ఇంకెవరో అనిపించసాగింది. మనిషికి పరువు రావడం ఎంతసేపు!

ముగింపుకు ముందురోజు అధ్యక్షులు మండలికి వచ్చారు. ఆయన దిగేటప్పుడు డ్రైవర్లంతా మెట్ల పక్కన వరసగా నిలబడి తలలు వంచాలని ఆచారం. అందరూ వంచారు. చిత్తంగారి డ్రైవరు నిటారుగా నిలబడి, అధ్యక్షుల మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. అధ్యక్షులు ఆగి, ఎవరు వాడు అన్నారు. పక్కనున్నవాళ్ళు చెప్పారు. లోపలికి వెళ్ళేదాకా ఆయన తలబిరుసు, తలబిరుసు అని గొణుక్కుంటూనే ఉన్నారట. రేపు పొద్దున వాణ్ణి తన ముందు హాజరుపరచమన్నారు.

ముగింపు రోజు తెల్లవారగానే డాక్టరు బావమరిది వచ్చి, మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు. పూర్తిగా నయమైంది, ఇక ఎవరికి ఎంత ఊపుకుంటారో మీ ఇష్టం అన్నాడు. భార్య అన్నగారికి రెండో కప్పు కాఫీ ఇచ్చి, మొగుడి చొక్కాకు బొత్తాలు పెడుతూ, ఈ ఒక్కరోజూ ఊపకండి, రేపటినుంచి మీ ఇష్టం అంది.

కారు కూడలి దాటాక డ్రైవరు అద్దంలోంచే, "సార్, నన్ను పిలిపించారు" అన్నాడు.

"తెలుసు."

"బండి తోలడం నుంచి తీసేస్తారంటున్నారు. తీసేస్తే బత్తా పోతుంది సార్, ఉత్తి జీతంతో ఇల్లు గడవదు. మీరు ఒక్క మాట చెప్పండి. దెబ్బ తగిలి మెడ వంగట్లేదని. నేనే చెబుదును, జరగలేదన్నారు కదా, మీకు మాటొస్తుందని ఊరుకున్నా."

చిత్తంగారికి గుండె కలుక్కుమంది. ఆ కలుక్కు నిజమైనదే, దాన్ని నేను వేళాకోళం చేయను. "నేనున్నాను కదయ్యా, చెబుతాను" అన్నారు. అన్నప్పుడు చెబుదామనే అన్నారు.

అధ్యక్షుల గదిలో పదవి దిగిపోతున్న సంచాలకులు ఒకవైపు, చిత్తంగారు ఒకవైపు కూర్చున్నారు. డ్రైవరు తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని వెనక గోడ మీద వారోత్సవాల పోస్టరు, దాని మీద మహావాక్యం. అధ్యక్షులు చిత్తంగారిని చూసి కొంచెం జంకుతూనే మొదలుపెట్టారు. ఇంకో గంటలో వేదిక మీద కొత్త సంచాలకులుగా మీ పేరే చదవబోతున్నాను, కనుక ఈ విషయం మీ చేతులతోనే తేలడం మర్యాద అన్నారు.

"మెడ వంచకపోవడం గొప్ప గుణమేనండి. మీలాంటి వారిలో ఉంటే దాన్ని వ్యక్తిత్వం అంటాం. బండి తోలేవాడిలో ఉంటే ఏమంటాం? పొగరంటాం. వీణ్ణి బండి మీదినుంచి తీసేసి స్టోరులో కాపలా పెడదామంటాను. మీరు కాదంటే మాత్రం పట్టుబట్టను."

కాదంటే చాలు! ఇంత చవగ్గా ఆ మాట ఆయన జీవితంలో ఎప్పుడూ దొరకలేదు. 'అయ్యా, ఇతని మెడకు దెబ్బ తగిలింది, అదే దెబ్బ నాకూ తగిలింది' అంటే అయిపోయింది. కాకపోతే ఆ వాక్యంలో రెండో సగం కూడా ఉంది. వంగని మెడ, పత్రికలో ఫొటో, కన్నీరు, గోడకు అతుక్కున్న గుమాస్తాలు, అన్నీ కలిసి సగం గొట్టం మందుతో పోయే మెడనొప్పిగా తేలిపోతాయి. బంగళా కిటికీలు కళ్ళముందు మెదిలాయి. భార్య పరదాలు అప్పుడే కుట్టించేసింది కూడా. చిత్తంగారు డ్రైవరు వైపు చూశారు. డ్రైవరు నమ్మకంగా చూస్తున్నాడు. చెప్పాలి, చెప్పేస్తాను అనుకుని నోరు తెరిచారు.

ఈలోగా మెడ తన పని తాను చేసేసింది. ఆ పొద్దునే నయమైన మెడ, వారం రోజులుగా పస్తులున్న మెడ! చిన్నగా ఒకసారి ఊగి, నెమ్మదిగా రెండుసార్లు ఊగి, గడ్డం గుండెలకు తగిలేలా ఒక్కసారి వంగింది. నొప్పి లేదు సరికదా, హాయిగా ఉంది.

"చిత్తం" అన్నారు చిత్తంగారు.

అధ్యక్షులు కుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి వదిలారు. ఆయన మొహం పున్నమి చంద్రుడయింది. మీరు మాలోవారేనని తెలియక వారం రోజులుగా నిద్రలేదు సుమండీ అన్నారు. అయితే ఆ రాతి విగ్రహం సంగతి కూడా ఈరోజే ప్రకటించేద్దామా అన్నారు. మెడ మళ్ళీ వంగింది. ఈసారి గడ్డం గుండెల కంటే కిందికి వెళ్ళింది.

డ్రైవరుకు ఆ దృశ్యం చూడబుద్ధి కాలేదు. మొహం తిప్పుకుందామనుకున్నాడు. మెడ తిరగలేదు. అందుకని నిటారుగా నిలబడి, చిత్తంగారి వైపే చూస్తూ ఉన్నాడు. గదిలో వంగని మెడ అదొక్కటే. చిత్తంగారికి ఒళ్ళంతా సిగ్గుతో కుంచించుకుపోయింది. పైకి చూడలేక, అధ్యక్షుల బూట్లవైపు చూస్తూ కూర్చున్నారు. కొత్త బూట్లు, బాగా మెరుస్తున్నాయి.

సభ అయింది, పేరు చదివారు, చప్పట్లు కొట్టారు. తర్వాత కొత్త సంచాలకులు పురవీధుల్లో ఊరేగింపుగా వెళ్ళాలి. పెద్ద కారు, కొత్త డ్రైవరు. వెనకాల, పదవి పెరిగింది కనుక ఇంతకుముందు కంటే ఇంకా దగ్గరగా, అదే ప్రచార వ్యాను. చిత్తంగారు సీటులో కూర్చుని వెనక తడిమి చూసుకున్నారు. ఖాళీ. వెంటనే మనిషిని స్టోరుకు పంపారు, ఒక్క శిరోవలంబం తెమ్మని.

పోయినవాడు వట్టిచేతులతో వచ్చాడు. అర్జీ కావాలన్నాడట స్టోరు కీపరు. సంచాలకులవారికి కూడా అర్జీయా అంటే, అర్జీ సంచాలకులదైనా ఉప సంచాలకుల సంతకం ఉండాల్సిందేననీ, ఆ కుర్చీ గంట కిందటే ఖాళీ అయిందనీ, నియమం తమకు తెలియనిది కాదు కదా అనీ చెప్పమన్నాడట.

"బీరువా తాళమే తీయలేదా?" అన్నారు చిత్తంగారు.

"తీసే ఉందండి. ఒకటి బయట కూడా ఉంది" అన్నాడు పోయినవాడు. కొత్తగా వచ్చిన కాపలా మనిషి ఒకదాన్ని ప్లాస్టిక్ విప్పి, గోడకూ మెడకూ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడట. పైఅంచు తలకు సమంగా, వెనకాల వీలైనంత దగ్గరగా. స్టోరు దాటి బయటికి పోవడం లేదు కనుక దానికి అర్జీ అక్కర్లేదట. మండలి పుట్టాక ఆ వస్తువును పుస్తకంలో చెప్పినట్టు వాడుకున్న మొదటి మనిషి అతనే.

ఊరేగింపు కదిలింది. వెనక వ్యాను గుర్రుమంటూ దగ్గరికి వచ్చింది. చిత్తంగారు రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు కలిపి, మెడ వెనక గట్టిగా పట్టుకున్నారు. దారి పొడుగునా జనం కొత్త సంచాలకుల దిలాసా చూసి ముచ్చటపడ్డారు. ఫొటో తీసినతను మర్నాటి పేజీకి పేరు కూడా అక్కడికక్కడే ఆలోచించుకున్నాడు, 'మీ మెడ మీ చేతుల్లో: రాసింది ఆచరించి చూపిన అధికారి' అని.

ముందు కూడలిలో ఎర్రదీపం పడింది. కారు ఆగింది. వెనకనుంచి మైకు ఎత్తుకుంది.

"ముందు బండికీ మీ బండికీ మధ్య..."

చిత్తంగారు కళ్ళు మూసుకున్నారు.